ఎండకు ఎర్రబడే నీళ్లు

మా డిపార్టుమెంటు హెడ్డు నన్ను మొదటిసారి బయటివాళ్లకు పరిచయం చేసిన మాట నాకు ఇంకా గుర్తుంది. ఆదోనిలో మా డిగ్రీ కాలేజీకి తనిఖీకి వచ్చిన పెద్దమనుషుల ముందు నా భుజం మీద చెయ్యి వేసి, "ఈయన మా పాచి సారు" అన్నాడు. వాళ్లు నవ్వారు. బాటనీ చెబుతాడని అనలేదు. పరిశోధన చేస్తున్నాడని అనలేదు. ల్యాబులో ఉన్న పిల్లలంతా విన్నారు. కొద్దిరోజుల్లోనే ఆ పేరు కాలేజీ దాటింది. గేటు బయట టీ అంగడాయన కూడా నన్ను చూడగానే "పాచి సారుకి చక్కెర తక్కువ" అని లోపలికి కేకేసేవాడు. నాకు చక్కెర ఎక్కువే కావాలి. అదీ ఎవరూ అడగలేదు.

పాచి అనే మాటకు మన భాషలో గౌరవం లేదు. పొద్దున కడగని నోరు పాచి. బావి గట్టున కాలు జారితే పాచి. తొట్టి అడుగున గీకి పారేసేది పాచి. నేను చదివేవి కంటికి ఆనని ఒంటికణం జీవులు. మంచినీళ్లలో ఉంటాయి, ఎండ తిని బతుకుతాయి. మనం పీల్చే గాలిలో వాటి వాటా ఉంది. మా హెడ్డు కూడా బాటనీయే చదివాడు కాబట్టి ఈ సంగతి ఆయనకు తెలుసు. తెలిసే అన్నాడు.

ఆదోని కొండ మీద గుండ్ల నడుమ దొనలుంటాయి. వానకు నిండి, వేసవికి ఆవిరయ్యే రాతిగుంటలు. వాటిలో ఒకదాని నీళ్లు ఎండాకాలం వచ్చేసరికి ఎర్రబడతాయి. గొర్రెలు కాసేవాళ్లు దాన్ని నెత్తురుదొన అంటారు. ఎందుకు ఎర్రబడిందో కథ చెబుతారు, కానీ ఒకరి కథ ఇంకొకరితో కలవదు. ఆ నీళ్లు కొన్ని తెచ్చి, కొళాయి నీళ్లు కలిపి గదిలో నీడన పెట్టాను. కొన్నాళ్లకు ఎరుపు తగ్గి నీళ్లు ఆకుపచ్చగా తయారయ్యాయి. మైక్రోస్కోపులో చూస్తే పచ్చటి చుక్కలు చిన్న తోకలతో ఈదుతున్నాయి. అప్పుడు తెలిసింది అది హెమటోకాకస్ అని. నీళ్లు పుష్కలంగా ఉండి, ఎండ మితంగా ఉన్నంతకాలం అది పచ్చగా ఈదుతుంది. నీళ్లు ఇంకి ఎండ మాడ్చడం మొదలుపెడితే తోకలు వదిలేస్తుంది. గుండ్రంగా ముడుచుకుని, మందమైన గోడ కట్టుకుని, లోపల ఎర్రటి రంగు తయారు చేసుకుంటుంది. ఆ రంగు దానికి గొడుగు. ఎవరినీ అడగకుండా తన గొడుగు తనే నేసుకుంటుంది.

నేను పట్టుకున్న ప్రశ్న చిన్నది. ఎండలో మనకు కనిపించే వెలుగుంది, కనిపించని అతినీలలోహిత కిరణాలున్నాయి. ఒంటి తోలు కమిలేది ఆ కనిపించనివాటి వల్ల. ఈ జీవి ఎర్రబడటంలో వాటి పాలు ఎంత? మామూలు కిటికీ గాజు వెలుగును రానిస్తుంది కానీ ఆ కిరణాల్లో బాగా కాల్చేవాటిని చాలావరకు ఆపేస్తుంది. కాబట్టి ఒక తొట్టి ఆరుబయట, ఒకటి గాజుపలక కింద, ఒకటి పూర్తిగా నీడన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఇంతకంటే సులువైన ప్రయోగం లేదు. ఇంతకంటే ఎక్కువ మాటలు పడ్డ ప్రయోగమూ లేదు.

నా పీహెచ్‌డీ గైడు వేరే ఊళ్లో ఉంటాడు. ఫోన్లో ఆయన అన్న మొదటి మాట: "ఎర్రనీళ్లంటే ఎర్రమన్నయ్యా. మీ వైపు ఏ గుంట ఎర్రగా ఉండదు?" మైక్రోస్కోపు ఫోటోలు పంపాను. లెన్సు తుడిచి మళ్లీ తీయమన్నాడు. తుడిచి మళ్లీ తీశాను. చివరికి ఆ వేసవి మొదట్లో తేల్చి చెప్పాడు. "వానలు పడేలోపల నీ పచ్చనీళ్లు ఆరుబయట ఎర్రగా మారాలి. గాజు కింద అంతగా మారకూడదు. అది చూపించు. చూపించలేకపోతే విషయం మార్చు." నా రిజిస్ట్రేషను గడువు అప్పటికే పొడిగించగలిగినంత పొడిగించారు. విషయం మార్చడమంటే మానేయడమే. మానేస్తే పరిశోధన పోతుంది, పాచి అనే పేరు మాత్రం నాతోనే ఉంటుంది.

ఆదోనిలో నేనుండిన ఇంటాయన తొట్లలో దోమలు గుడ్లు పెడతాయని నన్ను ఖాళీ చేయించాడు. దోమ పిల్లలు ఒక్కటి కూడా లేవని భూతద్దం ఇచ్చి చూపించాను. భూతద్దం తీసుకోలేదు. ఎమ్మిగనూరులో మిద్దె మీద గది, గది ముందు ఖాళీ మిద్దె దొరికితే అక్కడికి మారి, రోజూ బస్సులో ఆదోనికి పోయి వచ్చేవాణ్ని. దొన నీళ్లు కూడా క్యానుల్లో బస్సులోనే తెచ్చాను. కండక్టరు క్యాను మీద చెయ్యి వేసి అడిగాడు.

"ఏమప్పా ఇది?"

"నీళ్లు."

"నీళ్లు ఎర్రగుండాయే?"

"ఎండకు ఎర్రబడినాయి."

"ఎండకు నేనూ నల్లబడినా. నాకేమన్నా టికెట్ కొడ్తాండారా? లగేజి తీస్కో."

పక్క సీట్లో ముసలామె క్యాను వైపు వంగి చూసి, "ఏం నాయనా, దేవరగట్టు నుంచి పట్టుకొస్తాండావా?" అంది. దసరా రాత్రి కర్రలతో కొట్టుకుని తలలు పగిలి నెత్తురు కారే జాతర అక్కడిది. బస్సంతా నవ్వింది. నేను లగేజి టికెట్ తీసుకున్నాను.

ఎమ్మిగనూరు ఇంటాయన నూలుకు రంగులేసే మనిషి. మగ్గాలు తగ్గాక పనీ తగ్గింది కానీ, ఊళ్లో ఎవరికైనా పాత రంగే తేడా రాకుండా మళ్లీ కావాలంటే ఇప్పటికీ ఆయన దగ్గరికే వస్తారు. నేను అన్నా అనేవాణ్ని, ఆయన భార్యను అక్కా అనేవాణ్ని. మిద్దె మీద ఒక పక్క రేకుల పంచ ఉంది. రంగేసిన నూలు ఆరబెట్టడానికి కట్టింది. రంగేసిన నూలును ఎప్పుడూ నీడలోనే ఆరబెడతారు. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది. ఆ ఇంట్లో ఇది దేవుడి గది నియమం కంటే గట్టి నియమం. వాళ్ల పండగ బట్టలు కూడా పంచ కిందే ఆరేవి.

దొన నీళ్లు గదిలో నీడన పచ్చబడ్డాక, వాటిని తొట్లలో పోసి పెట్టిన రోజు అన్న పైకి వచ్చి అన్నీ అడిగాడు. చెప్పాను. సెమిస్టరు వెనకబడి ఆ వేసవి సెలవులు లేవు, పొద్దున కాలేజీకి పోయి పొద్దుగూకే వేళకు గానీ రాను కాబట్టి, కాకులు వాలినా, కోతులు గాజు తోసేసినా తెలియాలని, "కొంచెం చూస్తాండన్నా" అన్నాను. చూస్తాండు అన్నాను. ఈ మాట గట్టిగా రాయడానికి కారణం ఉంది.

రోజులు గడిచాయి. మూడు తొట్లూ పచ్చగానే ఉన్నాయి. నీడలో పెట్టింది పచ్చగా ఉండటం న్యాయం. గాజు కిందిదీ పచ్చగానే ఉంది. ఆరుబయటి తొట్టి రోజురోజుకూ ఇంకా ముదురుపచ్చగా తయారవుతోంది. ఆ వేసవి ఎండ సంగతి వేరే చెప్పాల్సిన పని లేదు, బస్టాండులో కుక్కలు బస్సుల కింద నుంచి లేచేవి కావు. అటువంటి ఎండలో ఈ జీవి మాత్రం శీతాకాలంలో ఉన్నట్టు ఉంది. కొళాయి నీళ్లను అనుమానించాను. తొట్టి ప్లాస్టిక్‌ను అనుమానించాను. నన్ను నేను కూడా ఒక రోజు అనుమానించాను. గైడుకు ఫోన్ చేసి ఇంకా పచ్చగానే ఉందని చెబితే, "అయితే మన్ను కిందికి దిగిందన్నమాట" అన్నాడు.

అన్న మాత్రం సంతోషంగా ఉండేవాడు. సాయంత్రం నేను మెట్లెక్కుతుంటే వెనకాలే వచ్చేవాడు.

"సూడు సారూ, ఎట్ల నిగనిగలాడ్తాండాదో. రంగంటే అదీ."

మర్యాదకు అంటున్నాడనుకున్నాను. ఆ మెచ్చుకోలును అనుమానించి ఉండాల్సింది. వెలుగు తక్కువైనప్పుడు ఈ జీవులు దొరికిన కాస్త వెలుగునే ఒడిసిపట్టుకోవడానికి పచ్చదనం పెంచుకుంటాయి. ముదురుపచ్చ అంటే ఆరోగ్యం కాదు, చీకటి. క్లాసులో ఆ పాఠం చెప్పేది నేనే. కానీ మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఉన్న తొట్టికి చీకటి ఎట్లా వస్తుంది?

ఎట్లా వస్తుందో కాలేజీలు బందు పెట్టిన రోజు తెలిసింది. విద్యార్థి సంఘాల పిల్లలు వచ్చి గంట కొట్టించి అందరినీ ఇళ్లకు పంపేశారు. నేను మధ్యాహ్నానికే ఎమ్మిగనూరు చేరి మిద్దె ఎక్కాను. ఎండలో ఉండాల్సిన రెండు తొట్ల మీదా, గాజుపలకతో సహా, మందపాటి నూలుదుప్పటి తడిపి పరిచి ఉంది. నాలుగు మూలలా రాళ్లు పెట్టి ఉన్నాయి. అన్న పంచ కింద కూర్చుని దాని మీద మళ్లీ నీళ్లు చల్లడానికి చెంబు నింపుకుంటున్నాడు. దాచే ప్రయత్నం చేయలేదు. ఎదురు నన్నే అడిగాడు.

"ఏమి సారూ, ఈ యాళకు వచ్చినావు? ఒంట్లో బాగలేదా?"

"ఇదేందన్నా?"

"ఏదీ?"

"ఈ దుప్పటి."

"మద్దేనం ఎండ గదా. పొద్దున ఎండకు ఏం కాదు, సాయంత్రంది సల్లగుంటాది. ఈ నడిమి ఎండే సెడ్డది. నువ్వు వచ్చే యాళకు తీసేస్తాండా, గాలాడల్ల గదా."

"రోజూనా?"

"ఒగ దినం కప్పి ఒగ దినం ఇడిసిపెడ్తే రంగు నిలుస్తాదా?"

నేను ఏమన్నానో అన్నీ రాయను. రాసినంతవరకు చాలు: దాన్ని ఎండలో పెట్టడమే నా పని అని, ఆ ఎండ కోసమే ఊరు మారానని, చూస్తాండు అన్నానే గానీ చూసుకో అనలేదని అన్నాను. అన్న చెంబు కింద పెట్టాడు.

"సూసుకో అంటివి."

"చూస్తాండు అంటి."

"నా సెవులు బాగనే ఉండాయి. సూసుకో అని నువ్వే అంటివి. సూస్తాండేకి ఏముండాది, అదేమన్నా టీవీనా?"

ఈ గొడవకు అక్క కింద నుంచి వచ్చింది. ఇద్దరి మాటా విని, "రెండూ ఒగటే గదా, దీనికేంటికి ఇంత అరస్తాండారు?" అంది. రెండూ ఒకటి కావు. చూస్తూ ఉండటం వేరు, చూసుకోవడం వేరు. మొదటిదాంట్లో చెయ్యి పెట్టకూడదు. రెండోదాంట్లో చెయ్యి పెట్టకుండా ఉండకూడదు. నా వేసవి అంతా ఈ రెండు మాటల నడుమ ఒక తడి దుప్పటి కింద గడిచిపోయింది. నేను ఏ మాట అన్నానో నాకు తెలుసు. ఇప్పటికీ అదే చెబుతాను.

మిగిలింది రోహిణి కార్తె ఒక్కటే. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు. పగిలితే పగలనీ, అది దాటితే మృగశిర, మబ్బులు, నా పని ముగింపు. కాలేజీకి పోయి సెలవు అడిగాను. మా హెడ్డు కాగితం చదివి కళ్లజోడు తీశాడు.

"ఏం సారూ, పాచికి జ్వరమొచ్చిందా?"

స్టాఫ్ రూములో అందరూ ఉన్నారు. సెలవు ఇచ్చాడు. ఆ మాట అనకుండా ఇచ్చి ఉండాల్సింది.

ఆ తర్వాత రోజంతా తొట్ల పక్కనే కూర్చున్నాను. అన్న నాతో మాటలు మానేశాడు. దుప్పటి మడిచి, నాకు కనిపించేటట్టు మెట్ల గోడ మీద పెట్టి వెళ్లాడు. అక్క మాత్రం మజ్జిగ తనే పైకి తెచ్చి ఇచ్చి, "ఆయప్పకి బాధగుండాది సారూ" అని చెప్పి దిగిపోయేది. నా బాధ సంగతి కింద ఎవరు చెప్పారో తెలియదు.

దుప్పటి తీసేసిన తొలి రోజుల్లో ఆరుబయటి తొట్టి నన్ను భయపెట్టింది. పచ్చ పోయింది, ఎరుపు రాలేదు. పాలిపోయిన పసుపు వచ్చింది. మైక్రోస్కోపు కింద సగానికి సగం కణాలు తెల్లగా, ఖాళీ పొట్టుల్లా పడి ఉన్నాయి. తప్పు వాటిది కాదు. దొనలో ఉండే జీవికి ఎండ కొద్దికొద్దిగా పెరుగుతూ వస్తుంది, గొడుగు నేసుకోవడానికి వ్యవధి ఉంటుంది. వీటిని తడి దుప్పటి కింద సుకుమారంగా పెంచి ఒక్కసారిగా రోహిణిలోకి తోశాం. తోశాం అంటున్నాను గానీ, సుకుమారంగా పెంచింది ఆయన. గాజు కింది తొట్టి కాస్త వెలిసింది కానీ పచ్చగానే నిలబడింది. నీడలోది ఎప్పటిలాగే ఉంది. ఆరుబయటిది పూర్తిగా చస్తే చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండదు. చచ్చిన పాచిని మా గైడు ఎర్రమన్ను అని కూడా అనడు.

సాయంత్రాలు పడమట, కౌతాళం వైపు, మబ్బు లేవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నాలు మాత్రం ఇంకా నావే. నా మెడ మీద తోలు పొరలు పొరలుగా లేచింది. నెత్తిన తువ్వాలు వేసుకున్నా నీళ్ల మీద నుంచి వచ్చే ఎండ ముఖాన్ని కాల్చేది. ఒంటికణం జీవికి ఉన్న విద్య నాకు లేదు. నేను ఎర్రబడ్డాను కానీ అది నన్ను కాపాడే ఎరుపు కాదు.

ఒక పొద్దున తొట్టి అంచున, నీళ్లు గోడను తాకే చోట, ఇటుక పొడి అద్దినట్టు సన్నటి గీత కనిపించింది. తుప్పు అనుకున్నాను. ప్లాస్టిక్ తొట్టికి తుప్పు పట్టదు. చుక్క తీసి చూశాను. బతికిన కణాలు తోకలు వదిలేసి గుండ్రంగా ముడుచుకున్నాయి. ఒక్కోదాని నడుమ, పచ్చటి అంచు లోపల, నిప్పురవ్వంత ఎరుపు. మరుసటి రోజుకు ఆ రవ్వ పెద్దదయింది. నీళ్లు ముందు కషాయం రంగుకు తిరిగి, తర్వాత అడుగున చిక్కటి ఎరుపు పేరుకుంది. గాజు కిందిదాంట్లో వెతికితే అక్కడక్కడ ఎర్రటి చుక్క ఉంది. వెతక్కుండా చూస్తే పచ్చగానే ఉంది. పక్కపక్కన రెండు తొట్లు, పైన ఒకే ఆకాశం, నడుమ ఒక గాజుపలక తేడా.

ఫోటోలు గైడుకు పంపాను. సాయంత్రంలోపల ఫోన్ చేశాడు.

"బాగుందయ్యా. శాంపిల్సు భద్రం చేసి, రాయడం మొదలుపెట్టు."

"సార్, మీరు ఎర్రమన్ను అన్నారు."

"ఎవరన్నారు?"

"మీరే సార్."

"నేనెందుకంటాను? మొదట్నుంచీ నేను చెబుతున్నదే కదా ఇది." ఫోన్ పెట్టేశాడు.

నేను గోడకు ఆనుకుని తొట్టి వైపు చూస్తూ కూర్చుండిపోయాను. పొద్దున నుంచి ఏమీ తినలేదు. నిజానికి ఆకలి సంగతి మరిచిపోయాను. అక్క పైకి వచ్చి బట్టలు తీసుకుపోతూ నన్నూ తొట్టినీ చూసి, గబగబా దిగింది. కాసేపటికి అన్న వచ్చాడు. చాలా రోజుల తర్వాత. మెట్ల దగ్గరే చెప్పులు విడిచి, మెల్లగా తొట్టి దాకా వచ్చి లోపలికి చూశాడు. నెత్తిన ఉన్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అయ్యో. పాయనా సారూ?"

నేను తొట్టి మీద నుంచి కళ్లు తిప్పలేదు. అన్న దాన్ని దుఃఖం అనుకున్నాడు. నా పక్కన కూర్చున్నాడు.

"బాధపడాకప్పా. అంత బాగ వచ్చిన రంగు, ఇట్ల ఇరిగిపాయనే. శానా కష్టపడితివి. నేను దినామూ కింద నుంచి సూస్తానే ఉంటి, ఈ ఎండకు నువ్వన్నా మిగుల్తావా అని." తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "నాదీ తప్పుండాది. నేను ఒప్పుకుంటాండా."

నా ఉద్యోగంలో గానీ, పరిశోధనలో గానీ, అద్దె ఇళ్లలో గానీ ఎవరూ నా దగ్గరికి వచ్చి తప్పు ఒప్పుకున్న గుర్తు లేదు. నేను నిటారుగా కూర్చున్నాను.

"నువ్వు వద్దన్నా నేను ఇనకుండా కప్పాల్సింది" అన్నాడు. "కోపంలో ఇడిసిపెడితి. పెద్దోన్ని, నేనన్నా తగ్గాల గదా."

ఆయన ఒప్పుకున్నాడు. నేను అడిగిన తప్పు కాదు, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న తప్పు. అయినా ఆ గొంతులో కల్మషం లేదు. పైగా గాజు కింది తొట్టిని చూసి, "ఇదన్నా నిలిచె. దీనికి కప్పింటివి కాబట్టి" అన్నాడు. నేను రాయబోయే సిద్ధాంతం మొత్తం అదే. ఆయన దాన్ని నాకు ఓదార్పుగా చెప్పాడు.

పరామర్శ తీసుకుని ఊరుకుంటే సరిపోయేది. నా స్వభావం ఊరుకోనివ్వలేదు.

"అన్నా, ఇది సావలేదు. బతికే ఉండాది. ఎర్రగా కావాలనే నేను ఎండలో పెట్టింది."

అన్న నా ముఖం చూశాడు. ఎండదెబ్బ అనుకుంటున్నాడని నాకు అర్థమైంది. లేచి తొట్టిలో వేలు ముంచి, అడుగున ఉన్న ఎరుపును బొటనవేలితో రుద్ది, వెలుతురుకు పట్టి చూశాడు. రంగు చూసే మనిషి కాబట్టి చాలాసేపు చూశాడు.

"ఎర్ర కావాలనా?"

"ఎర్ర కావాలనే."

"దీనికా ఇన్ని దినాలు ఎండలో మాడింది? నాతో ఒగ మాట సెప్పింటే పొద్దుగూకేలోపల రంగు ఏసిస్తాంటి గదప్పా. ఉతికినా పోకుండా."

కింద నుంచి అక్క, సంగటి చల్లారిపోతాందని, ఇద్దరినీ దిగమని కేకేసింది. అన్న వేలు తువ్వాలుకు తుడుచుకుని, నాకు చెయ్యి అందించి లేపాడు. నేను వెళ్లి తిన్నాను. తింటున్నంతసేపూ ఆయన అక్కకు, సారు ఎర్ర కావాలని ముందే చెప్పి ఉండాల్సిందని చెబుతూనే ఉన్నాడు.